కత్తి పెట్టరాని కేకు

ఆ ఆదివారం పొద్దున అనూష వేసుకున్న పథకంలో ఎక్కడా ఆవు లేదు. ఆ రోజు మామగారు సుబ్రమణ్యం అరవయ్యో పుట్టినరోజు. సాయంత్రానికి గుండ్రటి కేకు, దాని మీద తెల్లటి ఫాండెంట్, పైన నాలుగు గులాబీలు, అంతే. ఫాండెంట్ అంటే చక్కెరతో చేసిన మెత్తటి ముద్ద. దాన్ని చపాతీలా ఒత్తి కేకు మీద కప్పితే నున్నగా మెరుస్తుంది. వీడియోల్లో అలాగే మెరిసింది. అనూష మామూలు కేకులు బాగానే చేస్తుంది గానీ, ఫాండెంట్ జోలికి పోవడం ఇదే మొదటిసారి.

ఈ కేకు మీద ఒక గది ఆధారపడి ఉంది. పుంగనూరులో సుబ్రమణ్యానిది పశువుల దాణా అంగడి. బోర్డు మీద ఆవు బొమ్మ, పక్క గది నిండా తవుడు మూటలు. వీధి వైపు వాకిలున్న ఆ గదిలో కేకుల అంగడి పెట్టుకుంటానని అనూష ఎన్నాళ్లుగానో అడుగుతోంది. "నా పుట్టినరోజు కేకు నువ్వే చెయ్యి. తిన్నాక చెప్తా" అన్నాడాయన. మదనపల్లెలో ఉండే ఆడబిడ్డ సుప్రియ మాత్రం తినకముందే తేల్చేసింది. "యాలమ్మా నీకీ తిప్పలు? మా ఇంటి పక్క బేకరీకి ఒక్క ఫోన్ కొడితే వస్తాది" అంది. ఆ మాటతో అనూషకు పట్టుదల రెట్టింపైంది.

ఫాండెంట్ ముద్దను బాగా పిసికి, తడిగుడ్డ కప్పి, స్నానానికి వెళ్లింది. అప్పుడే అత్తగారు కమలాక్షి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేద్దామని వంటింట్లోకి వచ్చింది. మైదా కలిపి పెట్టమని కోడలికి చెప్పిన సంగతి ఆమెకు గుర్తుంది. కోడలు మరిచిపోయిన సంగతి తెలియదు. గుడ్డ తీస్తే తెల్లటి ముద్ద కనబడింది. ఓళిగ పిండి అన్నాక పసుపు, నూనె పడకపోతే ఎలా? గరిటెడు నూనె పోసి, ధారాళంగా పసుపు వేసి, తృప్తిగా పిసికింది.

తడి జుట్టుతో వచ్చిన అనూష కెవ్వుమంది. "అత్తా! అది పిండి కాదు, కేకు మీద కప్పేది!"

"నాకేం తెలుసమ్మా? నోట్లో ఏసుకుంటే కదా తెలిసింది, అంతా సక్కెరేనని" అంది కమలాక్షి, వేలు నాక్కుంటూ.

మళ్లీ ఫాండెంట్ తేవాలంటే మదనపల్లె పోవాలి. ఆదివారం అది దొరికే అంగడి తెరవరు. గత్యంతరం లేక అనూష ఆ పసుప్పచ్చ ముద్దనే ఒత్తి కేకు మీద కప్పింది. నూనె ముద్ద కుదురుగా కూర్చుంటుందా? ఒకవైపు జారి గుట్టలా పోగుపడింది, ఇంకోవైపు మడతలు మడతలుగా వేలాడింది. ఎంత సర్దినా అంతే. అనూషకు ఏడుపొక్కటే తక్కువ.

భర్త సుదర్శన్ తొంగిచూశాడు. "మన లచ్చిమి పండుకోనుండేట్లు ఉండాది" అన్నాడు.

లచ్చిమి వాళ్ల పుంగనూరు ఆవు, మేకకన్నా కొంచెం పెద్దది. అతను ఎగతాళికే అన్నాడు గానీ, అనూష కేకును తేరిపార చూసింది. ఆ గుట్ట మూపురమే. ఆ మడతలు గంగడోలే. ఇక ఆమె చేతులు ఆగలేదు. మిగిలిన ముద్దతో తల చేసింది, కొమ్ములు, చెవులు, తోక అతికించింది, కళ్లకు మిరియాలు గుచ్చింది. చివరికి దూరంగా నిలబడి చూసుకుంటే తనకే ముద్దొచ్చింది. ఫ్రిజ్‌లో పట్టలేదు కాబట్టి పళ్లెంతో సహా హాల్లో పీట మీద, ఫ్యాను కింద పెట్టి, వంటింట్లో మైదా కలపడానికి పోయింది.

పొరపాటంతా ఆ పీటతో వచ్చింది. ఎదురింటి తులసమ్మ వచ్చి చూస్తే, పీట మీద పసుపుతో చేసిన ఆవు! చెప్పులు వాకిట్లోనే విడిచి, బొట్టు పెట్టి, తలలోని పూలు తీసి ఆవు మెడలో వేసింది. "కమలాక్షీ, పుట్టినరోజుకు గోపూజ పెట్టుకోనుండారని చెప్పనే లేదే!" అంది. కమలాక్షి కాదనలేకపోయింది. నిజానికి ఆమెకూ దండం పెట్టుకోబుద్ధయింది. దీపం వెలిగించింది. వీధిలోని ఆడవాళ్లంతా హారతి పళ్లేలతో వచ్చారు. ఎవరో టెంకాయ కొట్టారు.

సాయంత్రం కుప్పం నుంచి చుట్టాలు దిగారు. మదనపల్లె నుంచి సుప్రియ దిగింది. సుబ్రమణ్యం కొత్త పంచె కట్టుకుని, ప్లాస్టిక్ కత్తి పట్టుకుని పీట ముందు నిలబడ్డాడు.

"అయ్యో, ఆవుకు కత్తి పెడ్తావా సామీ!" తులసమ్మ గుండెలు బాదుకుంది.

సుబ్రమణ్యం చేతిలోంచి కత్తి జారిపోయింది. "ఆవుల పేరు సెప్పుకోని బతికినోణ్ణి. నా సేత్తో కాదమ్మా" అన్నాడు.

సుప్రియ అప్పటికే ఫోన్ తీసింది. "నేను ముందే సెప్తి కదా? బేకరీకి సెప్తాండా ఉండండి."

అనూషకు కళ్లు చెమ్మగిల్లాయి. కొయ్యందే తినరు, తినందే గది రాదు. తను ఇంత అందంగా చేయకపోయి ఉంటే ఈపాటికి కోసి తినేసేవాళ్లు కదా అనుకుంది. పీట మీదకు చూపు పోయింది. పసుపు, కుంకుమ, పూలు. ప్రతి నోముకూ చూసేదే.

"అత్తా, పసుపు గౌరమ్మను పూజయినాక ఏం జేస్తాం?"

"ఉద్వాసన సెప్పి, కొంచెం కదిలిస్తాం."

"ఆ పైన?"

"ఆ పైన వట్టి పసుపే. మొగానికి రాసుకుంటాం."

"అయితే ఈయమ్మనూ కదిలించత్తా!"

తులసమ్మ కూడా సరేనని తలూపింది. కమలాక్షి కళ్లు మూసుకుని దండం పెట్టి, పీటను మెల్లగా జరిపింది.

పొద్దున పోసిన నూనె సాయంత్రానికి పనిచేసింది. తల, కొమ్ములు, మూపురంతో సహా పసుపు దుప్పటంతా కేకు మీద నుంచి సర్రున జారి పళ్లెంలో ఒక పక్కన ముద్దగా పడింది. దాని కింద గుండ్రటి, గోధుమరంగు, ఏ దేవతా కాని కేకు.

"లేసి ఎలబారిపాయ తల్లి!" అంది తులసమ్మ, చెంపలు వేసుకుంటూ.

ఇక అడ్డేముంది? సుబ్రమణ్యం కోశాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయన తీరిగ్గా నమిలి, మింగి, చెయ్యి చాపాడు. "ఇంగో ముక్క పెట్టమ్మా. ఒరే సుదర్శనా, రేపు పక్క రూములో తవుడు మూటలు తీయించరా."

అనూష ఆనందం పట్టలేక అత్తగారిని కావలించుకుంది. వీధివాళ్లు ప్రసాదమంటూ కళ్లకద్దుకుని మరీ తిన్నారు, చివరికి పళ్లెం అడుగున పొడి కూడా మిగల్లేదు. పూజందుకున్న ముద్దను చెత్తబుట్టలో వేయలేక లచ్చిమికి తలా పిడికెడు పెట్టారు. అది కొమ్ములతో మొదలుపెట్టింది.

అందరూ వెళ్లాక సుప్రియ వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించింది. "అనూషా, వచ్చే నెల మా కొత్త ఇంటి గృహప్రవేశం కదా. మాది నాలుగో అంతస్తు. ఆవును లిఫ్టులో ఎక్కనీమంటాండారు. ఇట్లాంటిదొకటి సేసిస్తావా?"

"దాందేముంది వదినా, తప్పకుండా చేస్తా. నూనె మాత్రం అత్తే పొయ్యల్ల" అంది అనూష.

నెల తిరక్కుండానే కేకుల అంగడి తెరిచారు. సుబ్రమణ్యం పాత బోర్డు కింద 'కేకులు' అని ఒక్క మాట రాయించాడు. బొమ్మ మార్చే పని పడలేదు, రెండు వ్యాపారాలకూ ఆ ఆవే సరిపోయింది.