పడి లేచే లాండ్రీ

బుధవారం ఉదయం పది గంటలకు మా వీధి లాండ్రీ కంప్యూటర్‌లో స్క్రిప్ట్, అంటే ఒక చిన్న ప్రోగ్రాం, పనిచేస్తూ పనిచేస్తూ పడిపోయింది. నిమిషానికి లేచింది. లేచి మళ్లీ పడింది.

"మీ బట్టలు సిద్ధం, వెంటనే రండి" అని కస్టమర్లకు వరసగా మెసేజ్‌లు పంపడం దాని పని. పడినప్పుడల్లా దానంతటదే లేచేలా యజమాని అల్లుడు ఏర్పాటు చేశాడు. దీన్ని ఆటో రీస్టార్ట్ అంటారు.

పాఠకులారా, ఇది వరం! మనలో ఎవరు పడిన నిమిషానికే లేచారు? అదీ, ఎందుకు పడ్డామని ఆలోచించకుండా? ఈ సౌకర్యం మా ఇంటి మిక్సీకీ, మా ఆఫీసు మేనేజరుకీ కూడా పెట్టించాలని నా మనవి.

లేచిన ప్రతిసారీ స్క్రిప్ట్ మొదటి పేరు నుంచి అందుకుంటుంది. ఆ పేరు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుది. ఆయన దుప్పటిని లాండ్రీవాళ్లు మొదటిసారే ఆయనకి ఇచ్చేశారు. అయినా మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆయన వచ్చారు. నాలుగోసారి ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకుని కౌంటర్ పక్కనే కూర్చున్నారు. ఫోను మోగితే "వచ్చానయ్యా" అంటున్నారు. రిటైరయ్యాక ఆయన్ని ఇన్నిసార్లు పిలిచినవాళ్లు వేరే ఎవరైనా ఉన్నారా?

రెండో పేరు మా బావగారిది. ఫోన్ నంబరు గడిలో ఆయన "మా ఆవిడకి తెలుసు" అని టైపు చేశారు. అంకెలు వెతికే స్క్రిప్ట్ అక్షరాలు చూసి అక్కడే పడిపోతుంది. మా అక్క ముందు బావగారి నోరు కూడా అంతే.

మూడో పేరు నాది. నా కోటూ ప్యాంటూ కౌంటర్ వెనక హ్యాంగర్‌కి వేలాడుతున్నాయి.

"ఇచ్చెయ్యవయ్యా, సాయంత్రం మా మేనకోడలి పెళ్లి" అన్నాను లాండ్రీ యజమానితో.

"మెసేజ్ చూపించండి సార్. చూపించకుండా ఇస్తే బట్టలు తారుమారైపోతాయి."

"రాలేదు కదా!"

"వస్తుంది సార్. పడ్డా లేస్తుంది మనది!"

"బావగారి నంబరు దిద్దితే అసలు పడనే పడదు."

"దిద్దాలంటే ఆపాలి. అల్లుడు పెట్టింది ఆపితే అలుగుతాడు సార్."

బావగారు కూడా తన బట్టల కోసం నా పక్కనే నిలబడి ఉన్నారు. పెళ్లికూతురి తండ్రి ఆయనే.

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, పెళ్లివారు వచ్చేశారు! ఏ బట్టల్లో ఉంటే ఆ బట్టల్లో వచ్చెయ్యండి ఇద్దరూ!"

బావగారు నిక్కరులో ఉన్నారు. నేను నైట్‌ప్యాంటులో ఉన్నాను.

పెళ్లి ఆరింటికి. ఐదున్నరకు స్క్రిప్ట్ పడింది. లేచింది. హెడ్మాస్టరుగారి ఫోను మోగింది.

"వచ్చానయ్యా" అన్నారాయన.