242వ నంబరు చెంగయ్య

తిరుపతిలో ఇకమీదట ఏ ఫిర్యాదూ దిక్కులేనిది కాబోదని 2006 ఆగస్టులో మంత్రి రఘునాథ్ గారు మైకు పగిలేలా ప్రకటించినారు. ప్రజాస్పందన కేంద్రంలో కంప్యూటరు వైరుకే తగిలించే ఫోన్లు నలభై వస్తాయి, మీట నొక్కితే ఆఫీసరు పలుకుతాడు అన్నారు. ముందు వరసలో నాగులమ్మ లేచి, "మా ఈదిలో బోరు ఎండి నాలుగు నెల్లాయ సామీ" అంది. "ఆ ఫోన్లో జెప్పమ్మా" అన్నారు మంత్రిగారు. జనం చప్పట్లు కొట్టినారు.

ఆ ఫోన్లు మోగించే బాధ్యత ధనంజయది. నగరి నుంచి రోజూ బస్సులో వచ్చే కాంట్రాక్టు టెక్నీషియన్. మరమగ్గాలు అమ్ముకున్న ఇంట్లో జీతం తెచ్చేది అతనొక్కడే, కాంట్రాక్టేమో నెలాఖరుకు తీరిపోతుంది. "ఫోన్లు మోగితే ఇంకో ఏడాది ఈడుంటావు, మోగకుంటే నగరిలో ఉంటావు" అని డైరెక్టరు చక్రధర్ గారు దయతో సెలవిచ్చినారు.

నిజానికది చిటికెలో అయ్యే పని. పొద్దున్నే ఆన్ చేయగానే ప్రతి మిషనూ "నా నంబరేంది?" అని అడుగుతుంది. లోపలి గదిలోని డీహెచ్‌సీపీ సర్వరు దానికో నంబరిచ్చి, ఎట్ల పోవాలో, ఎవరిని అడగాలో నాలుగు మాటలు చెప్పి పంపుతుంది. ఆ మాటలకే ఆప్షన్లని పేరు. ఈ ఫోన్లు చేసిన కంపెనీ, కాల్స్ కలిపే తమ పెద్ద మిషను నంబరు 10.1.1.5ను 242వ ఆప్షన్లో రాసిపెట్టమంది. ఒక్క వరస. కానీ సర్కారు ఆఫీసులో అనుమతి లేకుండా ఒక్క వరస రాయడానికి ధనంజయకు ఎన్ని గుండెలుండాల? బుద్ధిగా ఫైలు పెట్టినాడు.

చక్రధర్ గారు ఫైలు రెండుసార్లు చదివినారు.

"224 నుంచి 254 దాకా స్థానిక అవసరాలకు ఖాళీగా వదిలినారని రాసినావే, ఎన్నప్పా అవి?"

"ముప్పై ఒకటి సార్."

"ముప్పై ఒక్క ఖాళీలా! ఎవురు నింపాల?"

"మన ఇష్టం సార్, కానీ..."

'మన ఇష్టం' తర్వాత వచ్చే 'కానీ' వినే అలవాటు ఆయనకు సర్వీసులోనే లేదు. మధ్యాహ్నానికి సంగతి మంత్రిగారి బంగళా చేరింది. కొండమీద దర్శనాలకు లెటర్లు రాసిరాసి చెయ్యి తిరిగిన పీఏ దయానంద్, అదే లెటర్‌హెడ్డు మీద మొదలుపెట్టినాడు: 'ఈ లెటరు తెచ్చినవారు మాకు మిక్కిలి కావలసినవారు. వీరికొక ఆప్షన్ ఇప్పించగలరు.' మూడు రోజుల్లో నూట ఎనభై లెటర్లు వచ్చినాయి. రోడ్డు పక్క ఆప్షన్ అయితేనే తీసుకుంటానని ఒకాయన పట్టుబట్టినాడు.

ధనంజయ నెత్తి కొట్టుకున్నాడు. "సార్, అందులో మనిషి కూర్చోడు! జీతం లేదు, కుర్చీ లేదు, పని లేదు. ఉత్త పేరు రాసే చోటు సార్ అది!"

"సలహాదారు పదవీ అంతే గదప్పా" అన్నారు చక్రధర్ గారు శాంతంగా.

242వది మాజీ వార్డు మెంబరు చెంగయ్యకు పడింది. టికెట్టు రాక అలిగి కూర్చున్న మనిషిని చల్లబరచాల గదా. ధనంజయ పరుగున దయానంద్ దగ్గరికి పోయినాడు.

"సార్, 242 మాత్రం 10.1.1.5కు ఇప్పించండి. లేకుంటే ఫోన్లు మోగవు."

"10.1.1.5 ఏ ఊరోడు?"

"మనిషి కాదు సార్, మిషను."

"ఓటుండాదా?"

"లేదు సార్."

"ఓటు లేనోడికి లెటరేందబ్బా! పో, పో."

ఏం చేస్తాడు పాపం? ముప్పై ఒక్క పేర్లూ తన చేత్తోనే సర్వరులోకి ఎక్కించినాడు.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు రిబ్బను కత్తిరించి ఫోను ఎత్తినారు. కుయ్ మనలేదు, కయ్ మనలేదు. చిన్న తెర మీద మాత్రం ఇంగ్లీషులో అక్షరాలు వచ్చినాయి: 'చెంగయ్య కోసం వెతుకుతున్నాను. ఆగండి.' నలభై ఫోన్లలోనూ అదే.

వెనక వరసలోంచి చెంగయ్య చేతులెత్తి లేచినాడు. "ఈడుండా! ఈడనే ఉండా! ఇరవై ఏండ్లు పార్టీకి చాకిరీ చేసినా, నన్ను ఎవురన్నా ఎతికినారా? ఈ ఫోన్లకు తెలిసిందబ్బా నా ఇలవ!" అని భోరుమన్నాడు.

మంత్రిగారు ధనంజయను దగ్గరికి పిలిచి చెవిలో అడిగినారు.

"ఇవి వాణ్ణే ఎందుకు ఎతకల్ల? నన్నెందుకు ఎతకగూడదు?"

ధనంజయ పోయి 242లో పేరు మార్చినాడు; పది నిమిషాల్లో నలభై ఫోన్లూ మంత్రిగారి కోసం వెతకసాగినాయి. హాలు దద్దరిల్లింది. మర్నాడు పేపర్లలో ఫోటో పడింది. సాయంత్రానికి ఆర్డరు కూడా వచ్చింది: 'గౌరవ మంత్రివర్యులు దొరుకునంతవరకు శ్రీ ధనంజయ సేవలు పొడిగించడమైనది.'

సోమవారం అందరికంటే ముందు నాగులమ్మ వచ్చింది, ఖాళీ బిందె చంకన పెట్టుకుని. మీట నొక్కింది, చెవిలో పెట్టుకుంది, చాలాసేపు ఓపిక పట్టింది.

"పలకదేమి నాయనా? ఏం రాసుండాది దాంట్లో?"

"మంత్రిగారిని ఎతుకుతా ఉండాదవ్వా."

"ఇది పలక్కుంటే నీ ఉద్యోగం నిలుస్తుందా మరి?"

"ఆయన దొరికేదాకా ఉంటుందవ్వా."

నాగులమ్మ ముఖం విప్పారింది. బిందె కింద పెట్టి రెండు చేతులా అతని బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

"సల్లగుండు నాయనా! అయితే నీది పర్మినెంటే."