టా-రాకు అనుమతి

మనిషి నిప్పు కనిపెట్టిన తర్వాత సాధించిన అతి పెద్ద విజయం, ఫోను పెట్టేసే ముందు ఏమనాలో తేల్చుకోవడం. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక బీమా కంపెనీ ఇందుకోసం ‘కృతజ్ఞతలు, వీడ్కోళ్ల నాణ్యతా విభాగం’ పెట్టింది. దాని నియమాల ప్రకారం ధన్యవాదం నాలుగు మాటలకు తగ్గకూడదు. వీడ్కోలులో ‘గ్రేట్ డే’ ఉండి తీరాలి (రాత్రయినా సరే).

ఈ విభాగానికి, కంపెనీలో కాల్స్ తీసుకునే దామోదర్‌గారు కొరకరాని కొయ్య అయ్యారు. కస్టమర్లతో ఆయన థాంక్స్‌కు బదులు ‘చీర్స్’ అంటారు, ‘బై’కి బదులు ‘టా-రా’ అంటారు. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో కాపురమున్నప్పుడు ఆ రెండు మాటలూ భార్య రేణు బస్సు డ్రైవర్ల దగ్గర పట్టి ఇంటికి తెచ్చింది. మన ‘వెళ్ళొస్తా’ లాగే టా-రాలో కూడా పోతున్నానన్న మాట లేదని ఆవిడకు అదంటే ముచ్చట. ఆవిడ పోయాక ఆ మాటలు ఇంట్లో ఉండబట్టలేక ఆయనతో ఆఫీసుకు వస్తున్నాయి.

కాల్స్ వినే సాఫ్ట్‌వేర్ మాత్రం చీర్స్‌ను ‘కృతజ్ఞత లేదు’ అనీ, టా-రాను ‘కాల్ మధ్యలో తెగింది’ అనీ రాసుకుని, కస్టమర్‌కు తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పేది. వేకో అనే ఊళ్లో ఒక పెద్దావిడ, తనకేమీ కాలేదని కంపెనీని ఓదార్చవలసి వచ్చింది.

విభాగాధికారి అనుష్క ఆయన్ని పిలిపించింది. ఆయన స్నేహితుడు రఘు కూతురు, ఇక్కడే పుట్టిన పిల్ల.

“అంకుల్, ‘హావ్ ఎ గ్రేట్ డే’ అనేస్తే అయిపోతది కదా! లేకపోతే మిమ్మల్ని కాల్స్ నుంచి తీసేస్తారు.”

“మీ ఆంటీ అలవాటమ్మా. నోరు తిరగదు.”

అనుష్క కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. “రేణు ఆంటీ నన్ను కార్ ఎక్కించి ‘టా-రా, బంగారం’ అనేది. ఐ రిమెంబర్.” ముక్కు తుడుచుకుంది. “ఓకే, కల్చర్ కింద ఎగ్జెంప్షన్ అడుగుదాం. తెలుగు అని పెట్టనా? అయ్యో, తెలుగుకి టా-రా యాక్సెప్ట్ చెయ్యట్లేదు.”

“బ్రిటిష్ అని కొట్టు. రెండొందల ఏళ్లు మనింట్లో ఉండి వెళ్లారు, ఈ మాత్రం వదిలి వెళ్లకపోతే ఎలా?”

అనుమతి వచ్చింది. టా-రా విన్న కస్టమర్లు నవ్వుతూ ఫోను పెట్టేస్తున్నారని లెక్క తేలడంతో, పైవాళ్లు ముచ్చటపడి దాన్ని అందరికీ తప్పనిసరి చేశారు. శిక్షణ ఇచ్చారు. పరీక్ష పెట్టారు. పాసైనవాళ్లే అనాలన్నారు.

అందరూ పాసయ్యారు, దామోదర్‌గారు తప్ప. సాఫ్ట్‌వేర్ కారణం కూడా చెప్పింది: ‘సహజంగా లేదు. అభ్యర్థి ఎవరినో అనుకరిస్తున్నారు.’

“అప్పీల్ చెయ్యండి అంకుల్, ఇట్స్ సో అన్‌ఫెయిర్!” అంది అనుష్క.

దామోదర్‌గారు చెయ్యలేదు. ఆ యంత్రం ఆయన మాట సరిగ్గా విన్నది ఆ ఒక్కసారే.