ఆగితే కాగే కారు

ఆ ఆదివారం పొద్దున బాలకిషన్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కరీంనగర్‌లో కారెక్కడం, ఆసిఫాబాద్‌లో భూపతిరావు గారింట్లో దిగడం, పిల్లవాడి ఇల్లు చూసి, భోంచేసి, సాయంత్రానికి తిరిగి రావడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అడగవచ్చు. అలా అడిగేవాళ్లు ఆయన కారును చూసి ఉండరు.

పని మాత్రం చిన్నది కాదు. ఆయన కూతురు మధులిక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇన్నేళ్లుగా వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టి, చివరికి ఆసిఫాబాద్‌లో పశువుల డాక్టరుగా ఉన్న విద్యాధర్‌ను చూసి, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానని తనంతట తానే చెప్పింది. ఆ మాట విన్న మర్నాడే బాలకిషన్‌రావు కొండగట్టుకు పోయి అంజన్నకు కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. ఇక మిగిలింది పెద్దలు వెళ్లి పిల్లవాడి ఇల్లు చూడటమే. వాళ్ల బంధువుల్లో ఒక పద్ధతి ఉంది. ఇల్లు చూడబోయినవాళ్లు అక్కడ అన్నం తింటే సంబంధం ఖాయమైనట్టు. తినకుండా లేస్తే వేరే చూసుకొమ్మన్నట్టు.

కారు సంగతి ముత్తయ్య మెకానిక్ చూశాడు. చూశాడనడం కన్నా, వారానికొక భాగాన్ని అనుమానించాడనడం సబబు. మొదట నీళ్లు తక్కువన్నాడు, పోశాడు. తర్వాత రేడియేటర్ మూత అన్నాడు, మార్చాడు. ఆ తర్వాత థర్మోస్టాట్ అన్నాడు, దాన్నీ మార్చాడు. మార్చడానికి ఇంకేమీ కనబడనప్పుడు, బానెట్ లేపి ఇంజిన్ నడుస్తుండగా లోపలికి చూడాలన్న ఆలోచన ఆయనకు వచ్చింది.

"సార్, ఫ్యాన్ తిరుగుతలేదు. బండి ఉరికితే ఎదురుగాలి తలిగి సల్లగుంటది. ఆగితే గాలి లేదాయె, ఫ్యాన్ లేదాయె. గందుకే కాగుతాంది" అని ముత్తయ్య కొత్త విషయం కనిపెట్టినట్టు చెప్పాడు. ఫ్యాన్ మోటారు హైదరాబాద్ నుంచి రావడానికి రెండు రోజులు పడుతుందన్నాడు. కాగిన ఇంజిన్‌ను ఆర్పితే అది చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదని కూడా అన్నాడు. మరీ ప్రమాదమైతే ఏసీ బందుపెట్టి హీటర్ వేసుకోవాలని, అప్పుడు ఇంజిన్ వేడి కారు లోపలికి వచ్చేస్తుందని ఒక చిట్కా ఉచితంగా ఇచ్చాడు. అది మే నెల.

టాక్సీ మాట్లాడుకొమ్మని మధులిక చెప్పి చూసింది. పిల్లవాడి ఇంటికి కిరాయి కారులో పోతే ఇంట్లో కారు లేదనుకుంటారని బాలకిషన్‌రావు ఒప్పుకోలేదు. నలభై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడు ఆయన. ముత్తయ్య చెప్పిన రోగం నుంచే మందు కూడా తీశాడు.

"ఆగితే గద కాగేది. ఆపకుంటే సరిపాయె" అన్నాడు.

ఆయన మాట మీద నిలబడ్డాడు, కారును మాత్రం నిలబడనివ్వలేదు. భార్య లీలాబాయి పెద్దపల్లి దగ్గర చాయ్ తాగుదామంది, వద్దన్నాడు. మంచిర్యాల దగ్గర కాళ్లు చాపుకుందామంది, ముందు సీటు వెనక్కి జరుపుకొమ్మన్నాడు. దారిలో ఒక రైలు గేటు పడితే, వచ్చిన దారినే వెనక్కి తిరిగి, కొంత దూరం పోయి, మళ్లీ గేటు దాకా వచ్చాడు. గేటు తెరిచేదాకా అదే పని. వరుసలో ఉన్న లారీ డ్రైవర్లు మొదట నవ్వారు, తర్వాత జాలిపడ్డారు.

ఎక్కడా ఆగకపోవడం వల్ల ఒక ప్రమాదం జరిగింది. అనుకున్న దానికన్నా చాలా ముందే ఆసిఫాబాద్ వచ్చేసింది. పన్నెండు దాకా వర్జ్యం ఉందని, అప్పటిదాకా ఆ గడప తొక్కవద్దని పంతులు లీలాబాయికి గట్టిగా చెప్పాడు. ఎక్కడైనా నీడన ఆపుదామంటే, ఏసీతో నిలబెడితే కాగుతుంది. ఆర్పితే మళ్లీ స్టార్ట్ కాదు, మంచి గడియ దాటిపోతుంది, పైగా వియ్యంకుల వీధిలో కారును నెట్టించుకోవలసి వస్తుంది. కాబట్టి బాలకిషన్‌రావు తిరగడమే నయమనుకున్నాడు. ఊరు ఆయనకు కొత్త. ఫోన్‌లో అడిగి తెలుసుకున్న దారి భూపతిరావు ఇంటి వీధి ఒక్కటే.

ఇంటి ముందు తళతళలాడే తెల్లని పెద్ద కారు నిలబెట్టి ఉంది. గేటు దగ్గర భూపతిరావు ఇస్త్రీ చొక్కాతో ఎదురుచూస్తున్నాడు. కారును చూసి నమస్కారం పెట్టాడు. బాలకిషన్‌రావు కూడా ఒక చేత్తో నమస్కరించి ముందుకు పోయాడు. ఇల్లు గుర్తుపట్టలేదేమోనని భూపతిరావు అనుకున్నాడు. రెండోసారి చేయి ఊపాడు. లీలాబాయి కిటికీలోంచి చక్కగా నవ్వింది. కారు మళ్లీ పోయింది. మూడోసారికి వీధిలోవాళ్లంతా అరుగుల మీదికి వచ్చారు, భూపతిరావు భార్య లోపలికి పోయి దేవుడి ముందు దీపం వెలిగించింది.

పిల్లవాడి గురించి ఊళ్లో కూపీ లాగుతున్నారని భూపతిరావుకు అనుమానం వచ్చింది. విషయం కనుక్కొమ్మని కొడుకును బైక్ మీద పంపాడు. విద్యాధర్ కారు పక్కనే బైక్ నడుపుతూ, ఇల్లు దొరకడం లేదా అని మర్యాదగా అడిగాడు.

"దొరికింది బాబూ. జర ఊరు చూస్తున్నం" అన్నాడు బాలకిషన్‌రావు వేగం తగ్గించకుండా.

ఆసిఫాబాద్‌లో ఒకే వీధిని అన్నిసార్లు చూడవలసిన అవసరం ఏమిటో విద్యాధర్‌కు తోచలేదు. పశువులకైతే నోరు లేకపోయినా వాటి రోగాలు ఆయనకు అర్థమవుతాయి. బైక్ పక్కకు ఆపి మధులికకు ఫోన్ చేసి, మీవాళ్లు మా ఇంటి ముందు దాకా వచ్చి దిగకుండా పోతున్నారని, మా ఇల్లు నచ్చలేదేమోనని చెప్పాడు.

మధులిక వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. కారుకేమైనా అయిందా అని అడిగింది. టాక్సీ వద్దని తాను అన్న మాటలు గుర్తొచ్చి, కారుకేమైంది, బంగారం లెక్క నడుస్తోందని బాలకిషన్‌రావు చెప్పాడు.

"బాపూ, మీకు ఇల్లు నచ్చకున్నా, మనుషులు నచ్చకున్నా, నేను ఆయన్నే చేసుకుంట. మీరు దిగకుంటే నేనే బస్సెక్కి వస్త" అని ఫోన్ పెట్టేసింది.

కూతురు కోరి అడిగిన ఒకే ఒక్క సంబంధాన్ని బాలకిషన్‌రావు ఫ్యాన్ మోటారు కోసం గాలికి వదిలేస్తున్నాడు. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ నలభై ఏళ్ల డ్రైవింగు ఆయన గొంతుకు అడ్డం పడింది. ఇంకొక్క చుట్టు తిరిగితే పన్నెండవుతుందని తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు.

ఇటు భూపతిరావుకు కూడా ధైర్యం పోయింది. గేటు ముందున్న తెల్ల కారు ఆయనది కాదు. పక్కింటి హనుమండ్లును బతిమాలి, ఒక్క పూటకు తెచ్చి పెట్టుకున్నది. వీళ్లు అన్నిసార్లు దాన్నే చూస్తూ పోతున్నారంటే, సంగతి తెలిసిపోయిందన్నమాట. బండిని ఉన్నపళంగా తీసుకుపొమ్మని హనుమండ్లును తొందరపెట్టాడు. హనుమండ్లు తెల్ల కారును వీధి మలుపు దాకా తెచ్చేసరికి, బాలకిషన్‌రావు ఎదురొచ్చాడు. ఆయన వెనక టెంట్‌హౌస్ కుర్చీల వ్యాను. వీధి ఇరుకు. కారు ఆగింది.

ఇంజిన్ వేడి చూపే మీటరులో ముల్లు లేచింది. బాలకిషన్‌రావు హారన్ కొట్టాడు. హనుమండ్లు కూడా కొట్టాడు. వ్యానువాడు ఎందుకో తెలియకుండానే కొట్టాడు. ముల్లు ఎర్రగీతను ముట్టుకుంది. అప్పుడు ముత్తయ్య చిట్కా గుర్తొచ్చి బాలకిషన్‌రావు ఏసీ బందుపెట్టి, హీటర్ పూర్తిగా తిప్పాడు. బయట మే నెల ఎండ, లోపల ఇంజిన్ వేడి. దుమ్ము వస్తుందని కిటికీలు కూడా తెరవనివ్వలేదు. లీలాబాయి పట్టుచీర తడిసి ఒంటికి అంటుకుంది. ఆమె మొగుడి వైపు ఒక్కసారి చూసింది, తలుపు తెరిచింది, దిగింది. వర్జ్యం ఇంకా పోలేదని బాలకిషన్‌రావు లోపలి నుంచి కేకేశాడు.

"ఈ కారుకన్నా వర్జ్యమే సల్లగున్నది" అని లీలాబాయి తిన్నగా భూపతిరావు గేటు తీసుకుని లోపలికి పోయింది.

అదే సమయానికి బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సున లేచింది. ఇంజిన్ తనంతట తానే ఆగిపోయింది. వీధిలోవాళ్లు, వ్యానువాడు, విద్యాధర్ కలిసి కారును ఇంటి ముందు దాకా నెట్టారు. పిల్ల తండ్రి చొక్కా పిండుకుంటూ దిగాడు. ఏ అవమానాన్ని తప్పించుకోవడానికి పొద్దుటి నుంచి ఆగకుండా తిరిగాడో, దాన్ని ఊరంతా చూసింది.

ఎదురుగా భూపతిరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖం ఇంకా పాలిపోయి ఉంది.

"బావగారూ, మీకు ఎరుకైందని నాకు తెల్సు. గా తెల్ల కారు మాది కాదు. మాది ఎనక పెరట్ల పట్టా కప్పుకొని ఉన్నది" అన్నాడు.

"దానికేమైంది?" అని అడిగాడు బాలకిషన్‌రావు ముఖం తుడుచుకుంటూ.

"ఉరికితే మంచిగనే ఉంటది. ఆగితే కాగుతది."

బాలకిషన్‌రావు ఆయన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆ పొద్దుటి దాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఫోటోల్లోనే చూసుకున్నారు. పొద్దుటి నుంచి దాచిందంతా ఆయన ఆ తడిచొక్కాతోనే చెప్పేశాడు, ఫ్యాన్ సంగతి, రైలు గేటు సంగతి, కూతురు ఫోన్ సంగతి. విద్యాధర్‌కు అప్పుడు ఊపిరి ఆడింది. ఫ్యానని అందరూ అంటారు గానీ తన లెక్కలో అది నీళ్ల పంపు అని భూపతిరావు అన్నాడు. అసలు రోగం రేడియేటర్‌లోనే ఉందని బాలకిషన్‌రావుకు ఇప్పుడు గట్టి అనుమానం. ఇద్దరూ బానెట్ ఎత్తి లోపలికి వంగారు. మంచి గడియ వచ్చింది, వాళ్ల వెనకనుంచి నడిచి వెళ్లిపోయింది, ఎవరూ చూడలేదు.

ఉండబట్టలేక మధులిక ఈసారి తల్లికి ఫోన్ చేసింది. ఏమైందమ్మా, దిగారా లేదా అని అడిగింది. అటునుంచి కూలర్ చప్పుడు, గిన్నెల చప్పుడు వినబడ్డాయి.

"అన్నం తింటున్న బిడ్డా, మళ్ల మాట్లాడుత" అని లీలాబాయి అన్నది.

కరీంనగర్‌లో మధులిక ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

శ్రావణంలో పెళ్లి ఖాయమైంది. అడుగడుగునా ఆగుతూ, ఆడుతూ, అర్ధరాత్రి దాకా సాగే బరాత్ ఊరేగింపుకు తన కారే పెట్టాలని ఇద్దరు తండ్రులూ పంతం పట్టారు. మధులిక గుర్రపు బండి మాట్లాడింది.