వీధికో ప్రపంచ భాష

ఇక మీదట ఏ వీధీ ఒక్క భాషతో సరిపెట్టుకోనక్కర్లేదనీ, వీధికో ప్రపంచ భాష చొప్పున నలభై రోజుల్లో ఉచితంగా నేర్పించి పారేస్తామనీ మాన్య భాషాభివృద్ధి మంత్రిగారు ప్రకటించారు. ఏ వీధికి ఏ భాషో తేల్చడానికి నిపుణుల కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు తలలు పట్టుకుని, చివరికి చీటీలు తీసింది.

తమ వీధికి పడ్డ చీటీ చూసి టైలరమ్మ మిషను ముందునుంచి లేచి గంతేసింది. అది అచ్చంగా ఆవిడ కొత్త మరదలి భాష! ఓడలో మెకానిక్కుగా పనిచేసే తమ్ముడు ఎక్కడో రేవులో పెళ్ళి చేసుకున్నాడు. నలభై ఒకటో రోజున పెళ్ళాన్ని తీసుకుని ఇంటికొస్తున్నాడు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఈవిడే. తిన్నావా, అలసిపోయావా, మావాడు నిన్ను బాగా చూసుకుంటున్నాడా. ఈ మూడూ ఆ పిల్లని నోరారా అడిగితే చాలు. ఆ మూడోది తమ్ముడి చేత అడిగించే ప్రశ్న కాదు కదా!

క్లాసు వార్డాఫీసు మేడ మీద, విరిగిన కుర్చీలకీ దోమల మందు మిషనుకీ మధ్య. మాస్టారికి ఆ భాష నిజంగానే వచ్చు. ఇంత పొరపాటు ఎలా జరిగిందో శాఖలో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయన బోర్డు మీద మొదటి అక్షరం రాశారో లేదో, భాషాధికారి సర్క్యులర్‌తో ఊడిపడ్డాడు.

"నలభయ్యో రోజు మంత్రిగారి తనిఖీ. ముందు స్వాగత వాక్యం నేర్పండి."

"అక్షరాలు రాకుండానా అండీ?"

"మంత్రిగారు వినడానికొస్తారు మాస్టారూ, చదవడానికి కాదు."

'మాన్య మంత్రిగారి ముందుచూపు వల్లే మేం ఈ భాష గడగడా మాట్లాడుతున్నాం.' కుడి పిడికిలి పైకెత్తి చెప్పాలి. వారం తిరక్కుండా ఇంకో సర్క్యులర్ వచ్చి మాన్య ముందు 'మహా' చేరింది. ఆ తర్వాత మంత్రిగారు దార్శనికులయ్యారు, యుగపురుషులయ్యారు. నెల తిరిగేసరికి ఆ వాక్యానికి మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. టైలరమ్మ మిషను తొక్కుతూ వల్లెవేసింది. ఆ ఊపులో ఒకాయన చొక్కాకి మూడు చేతులు కుట్టేసింది.

ముప్పై ఎనిమిదో రోజున ఇక ఉండబట్టలేకపోయింది. "మాస్టారూ, తిన్నావా అని ఎలా అడగాలండీ?"

మాస్టారు నోరు తెరిచేలోపు అధికారి అడ్డుపడ్డాడు. "తినడం ఆహార శాఖమ్మా. మనది కాదు."

"పోనీ, అలసిపోయావా అని?"

"ఆరోగ్య శాఖ."

"మావాడు నిన్ను బాగా చూసుకుంటున్నాడా అని..."

"మహిళా సంక్షేమం. విడిగా అర్జీ పెట్టుకోండి."

టైలరమ్మకు ఏడుపొచ్చింది. పక్కనున్న వాచీ రిపేరు తాతగారు ఓదార్చబోయారు గానీ, అలవాటు కొద్దీ ఆయన పిడికిలే లేచింది.

తనిఖీ రోజున టైలరమ్మ ఊపిరి పీల్చుకోకుండా మొత్తం వాక్యం అప్పజెప్పింది. మంత్రిగారు కళ్ళు మూసుకుని తన్మయంగా విన్నారు. "అద్భుతం! ఏం చెప్పిందయ్యా?"

"తమరి గురించే సార్."

"అందుకే ఉచ్చారణ అంత బాగుంది!" అని మొదటి బహుమతి ఆవిడకే ఇచ్చారు. లక్ష్యం నెరవేరినందున ఆ సాయంత్రమే క్లాసులు ఎత్తేసి గదికి తాళం వేశారు.

మర్నాడు గుమ్మం ముందు ఆటో ఆగింది. తమ్ముడి వెనకాల సన్నగా, బెదురుచూపులతో ఆ పిల్ల దిగింది. టైలరమ్మ మనసంతా పొంగిపోయింది. ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. నోరు తెరిచింది. వచ్చిందొక్కటే. మహామాన్యుల దగ్గర్నుంచి గడగడా దాకా, మొత్తం.

ఆ పిల్ల విస్తుపోయింది. మరుక్షణం మొహం వెలిగిపోయింది. చేతులు విడిపించుకుని, నిటారుగా నిలబడి, కుడి పిడికిలి పైకెత్తింది.

"మా ప్రియతమ మంత్రివర్యుల దయవల్లే," అంది, ఒక్క అక్షరం తప్పు పోకుండా మన భాషలో, "మేము మీ భాషను ధారాళంగా మాట్లాడుతున్నాము. మంత్రివర్యులు వర్ధిల్లాలి!"

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైలరమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"పిల్లకి ఇంకేమైనా వచ్చట్రా?"

"రాదక్కా," అన్నాడు వాడు గర్వంగా. "వాళ్ళ జిల్లాకే ఫస్టు."