ఐదు స్టార్ల కత్తెర

ఎదుటివాడి తప్పు ఎత్తిచూపడాన్ని వెంటనే నిషేధించాలి! పొగడ్తను మించిన చదువు ఈ లోకంలో లేదు. నమ్మకపోతే నన్ను చూడండి. నలభై ఆరేళ్ళ వయసులో క్షవరం పని నేర్చుకుని, ఆరు నెలల్లో రెండు వందల పన్నెండు మంది చేత ఐదేసి స్టార్లు వేయించుకున్నవాణ్ణి.

నేను పనిచేసే ఆఫీసు మూతపడితే, మా అక్క నన్ను తీసుకెళ్ళి బావ సెలూన్లో అప్రెంటిస్‌గా కుదిర్చింది. బావ చేయి తిరిగిన మనిషి. ఆయన నేర్చుకునే రోజుల్లో కత్తెర సరిగ్గా పట్టుకోకపోతే గురువు దువ్వెన తిరగేసి వేళ్ళ మీద కొట్టేవాడట. ఎంత అనాగరికం!

నా అదృష్టం కొద్దీ, నేను చేరడానికి వారం ముందే బావ ఏదో ఒకపూట శిక్షణకి వెళ్ళొచ్చారు. నేర్పేవాళ్ళు ఎలా నేర్పాలో అక్కడ నేర్పుతారు. ‘తప్పు’ అనే మాట నోట రాకూడదట. ‘ఎదిగే అవకాశం’ అనాలట. మొదటి వారంలోనే నేనొక పెద్దమనిషికి ఒక పక్క చెంప జుట్టు చెవి పైదాకా లేపేసి, రెండో పక్క దవడదాకా వదిలేశాను. బావ కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, “ఎదిగే అవకాశం ఉంది” అన్నారు. జుట్టే కదా, నెల తిరక్కుండా ఎదిగింది కూడా!

ఆ తర్వాత షాపుకి యాప్ వచ్చింది. కస్టమర్ కుర్చీ దిగకముందే ఫోన్లో స్టార్లు నొక్కాలి. ఆ సమయంలో నేను ఆయన మెడ వెనక కత్తితో గీస్తూ, మర్యాదగా ఫోన్లోకి తొంగి చూస్తుంటాను. మెడ మీద కత్తి ఉండగా నాలుగు స్టార్లు నొక్కిన మొనగాణ్ణి ఇంతవరకు చూడలేదు.

వెనకనుంచి అద్దం పట్టి చూపిస్తే అందరిదీ ఒకటే మాట, “బాగుంది”. ఒకాయన బాగుందంటూనే సంచీలోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. పాపం, ఎండ పడదేమో! ఇంకొకాయన పెళ్ళికొడుకు. మర్నాడు తీయించుకోవాల్సిన ఫోటోలు వాయిదా వేసుకున్నాడు. కొత్త అందానికి అలవాటు పడాలంటే టైం పట్టదూ?

వీళ్ళలో ఒక్కరైనా మళ్ళీ వచ్చారా అని మీరడుగుతారు. అంత తృప్తిగా వెళ్ళినవాళ్ళకి మళ్ళీ రావలసిన ఖర్మేమిటండీ?

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. నేను చేరిన రోజున బావ అక్క ముందు ఒట్టేశారు. తన తల మీద కత్తెర పడితే అది బావమరిది చేతి కత్తెరే అవ్వాలని. నేను ఆనందంతో పొంగిపోయాను. మూడో నెలకి ఆయన జుట్టు చెవులు మూసింది. ఐదో నెలకి కాలరు దాటింది. ఆరో నెలలో అక్క దగ్గర రబ్బరు బ్యాండు అడిగి తీసుకున్నారు.

“ఒరేయ్ తమ్ముడూ, త్వరగా నేర్చుకోరా! లేకపోతే మీ బావకి రెండు జడలు వేసి షాపుకి పంపాల్సొస్తుంది” అంది అక్క.

సరిగ్గా అప్పుడే, నా స్టార్లు లెక్కేసి యాప్ వాళ్ళు పంపిన సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి అద్దం పక్కన తగిలించాను. కుర్చీ తుడిచి, ఉతికిన గుడ్డ దులిపి, “రా బావా, కూర్చో” అన్నాను. ఆయనకి తలనొప్పి వచ్చింది. మర్నాడు జలుబు చేసింది. మూడో రోజు “బ్యాంకులో పనుంది” అని వెళ్ళి గంటకి తిరిగొచ్చారు.

జుట్టు కత్తిరించి ఉంది. మెడ వెనక గీత దారం పెట్టి గీసినట్టుంది. ఎదురు షాపువాడి చెయ్యి అది. మంచి పనిని గుర్తుపట్టడం మాత్రం నాకు బాగానే వచ్చింది. చేయడమే రాలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. గోడ మీద సర్టిఫికెట్ ఉంది, యాప్ నిండా స్టార్లున్నాయి, సొంత బావ తల మాత్రం నన్ను నమ్మలేదు.

“బావా, నా చేతిలో లోపం ఏంటి?”

ఆయన వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. “తిట్టొచ్చా?”

“తిట్టు బావా, నీకు పుణ్యముంటుంది.”

“కత్తెరలో బొటనవేలు ఒక్కటే కదలాలిరా! నువ్వు భుజం దాకా ఊపుతున్నావ్. దువ్వెన పైకి జరుగుతూనే ఉండాలి. నీది మధ్యలో ఆగి ఆలోచిస్తోంది. అందుకే జనం తలల మీద మెట్లు పడుతున్నాయ్! ఆరు నెలలుగా నా నోరు కట్టేసి చంపారు కదరా!”

అరగంట కడిగేశారు. దువ్వెన తిరగేసి వేళ్ళ మీద రెండు తగిలించారు కూడా. ఆరు నెలల్లో నేను చదువుకున్నది ఆ అరగంటే.

కాబట్టి, నా చేతి కింద తల వంచిన రెండు వందల పన్నెండు మందికీ దండం పెట్టి అడుగుతున్నాను. ఒక్కసారి మళ్ళీ రండి. ఒక్క స్టారే వేయండి, ఎక్కడ వంకర పోయిందో నోరు విప్పి చెప్పండి. మీరు మాట్లాడేటప్పుడు కత్తి బల్ల మీద పెడతాను. కాస్త త్వరగా రండి, బావ జుట్టు నెలకి అరంగుళం పెరుగుతోంది.