పది మీటర్ల రహమత్ నగర్

ఇకమీదట రాష్ట్రంలో ఏ సినీ కార్మికుడూ ప్రభుత్వం దగ్గరికి నడిచి రానక్కర్లేదనీ, ప్రభుత్వమే గాల్లో తేలుతూ అతని ఇంటికి వెళుతుందనీ సినీ కార్మిక సంక్షేమ శాఖామాత్యులు శ్రీ సుబ్బరామయ్యగారు జూబ్లీ హిల్స్‌లోని ఒక పెద్ద హోటల్లో ప్రకటించినప్పుడు, ఆ హాల్లో వెనక వరసలో నిలబడే భాగ్యం నాకూ దక్కింది.

"వైరు అంటే ఏమిటి?" అని అడిగారు మంత్రిగారు.

సభలో ఎవరికీ తెలియలేదు.

"వైరు అంటే సంకెల! మనవాళ్లు కంప్యూటర్ని తెచ్చారు గాని, తెచ్చి గోడకి కట్టేశారు. నేను విప్పేస్తున్నాను."

ఒకటే చప్పట్లు. నేనూ కొట్టాను. విప్పాల్సింది నేనేనని అప్పటికి నాకు తెలియదు.

ఫిల్మ్ నగర్ కొండవాలులో మా సంక్షేమ ఆఫీసు ఉంది. అందులో ఒక కంప్యూటరు, దాంట్లో నేను రాసిన సాఫ్ట్‌వేరు, దాని పక్కన కాంట్రాక్టు మీద నేను. కార్మికుడు వస్తాడు, పేరు చెబుతాడు. నేను కెమెరాతో ఫొటో తీసి, కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. ప్రింటరు కార్డు ఇస్తుంది. ఆ కార్డు చూపిస్తే ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితం. ఇంత సాఫీగా జరిగిపోతోంది కనుకే దీని గురించి ఏ పేపర్లోనూ రాలేదు.

మంత్రిగారి ప్రకటనకు ముందురోజు ఎల్లమ్మ అనే ఆవిడ మా ఆఫీసుకొచ్చింది. ఆమె భర్త జంగయ్య హీరోలకు డూప్. మేడ మీద నిలబడి హీరో డైలాగ్ చెబితే, కిందికి దూకేది జంగయ్య. ఈసారి దెబ్బ తగలకుండా కింద ఉండాల్సిన ఖాళీ అట్టపెట్టెలు ఫ్రేములోకి వస్తున్నాయని ఎవరో పక్కకి జరిపారు. షాట్ మాత్రం అద్భుతంగా వచ్చిందట.

"తుంటి బొక్క ఇరిగింది సారూ. లేస్తలేడు. కార్డు లేకుంటె ఆపరేషన్ చెయ్యమని దవాఖానోళ్లు అంటున్నరు. మనిషి రాకుంటె కార్డియ్యమని మీరంటున్నరు. జర మీరే ఒక్కపారి రహమత్ నగర్ వచ్చి ఫొటో దింపుకపోరాదుండ్రి?" అంది ఎల్లమ్మ.

మా స్పెషల్ ఆఫీసర్ ప్రేమ్‌చంద్‌గారు దయగల మనిషి. సరే, ఎల్లుండి స్కూటర్ మీద వెళ్లి తీసుకురా అన్నారు నాతో. మధ్యలో ఆ ప్రకటన వచ్చిపడింది.

చెప్పిన రోజు పొద్దున కెమెరా మెడలో వేసుకుని మెట్లు దిగుతుంటే ఆయన ఎదురొచ్చారు.

"ఎక్కడికి?"

"రహమత్ నగర్ సార్. జంగయ్య ఫొటో."

"తీసి?"

"తెచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను."

"దేంతో?"

"కేబుల్‌తో సార్."

ప్రేమ్‌చంద్‌గారు కళ్లు మూసుకున్నారు. "నిన్న మినిస్టర్‌గారు చెప్పింది విన్నావా, సమోసాలు తింటూ కూర్చున్నావా? నువ్వు వెళ్లి వైరు పెట్టి ఫొటో ఎక్కిస్తే గవర్నమెంట్ పాలసీ ఏమైపోవాలయ్యా? వైర్‌లెస్ స్కీముకి ఫస్ట్ బెనిఫిషియరీ జంగయ్యే. పేరు పైకి పంపించేశాను. అదృష్టవంతుడు."

ఆ అదృష్టం సంగతి నేను స్వయంగా వెళ్లి ఎల్లమ్మకు చెప్పాను. జంగయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అంటే ఎన్నడొస్తది సారూ కార్డు?"

"సాఫ్ట్‌వేరు మార్చగానే."

"గప్పటిదాంక నొప్పి ఆగుతదా?"

అది నా మాడ్యూల్‌లోకి రాదని మర్యాదగానే చెప్పాను.

అరచేతిలో ఇమిడే కంప్యూటరొకటి విదేశాల నుంచి తెప్పించారు. దానికి కెమెరా కూడా ఉంది. మా బల్ల మీది కంప్యూటరు "అక్కడెవరన్నా ఉన్నారా?" అని గాల్లోకి కేకేయాలి. చేతిలోది "ఉన్నాను" అనాలి. ఇద్దరూ ఒక రహస్య సంఖ్య చెప్పుకుని, ఒకరినొకరు నమ్మాక ఫొటో చేతులు మారాలి. పెళ్లిచూపుల కన్నా కష్టమైన వ్యవహారం. పెద్దది కేకేసే సమయానికి చిన్నది బ్యాటరీ ఆదా చేయడానికి నిద్రపోయేది. చిన్నదాన్ని లేపేసరికి పెద్దది బిగుసుకుపోయేది. మంత్రిగారి కార్యాలయం నుంచి రోజూ "గాల్లోకి లేచిందా?" అని ఫోన్ వచ్చేది. చివరికి ఒక మధ్యాహ్నం ఇద్దరికీ మాట కలిసింది. ప్రేమ్‌చంద్‌గారి టీ గ్లాసు ఫొటో వైరు లేకుండా బల్ల దాటింది. ఆయన లేచి నన్ను కౌగిలించుకున్నారు.

"శభాష్! ఇక రహమత్ నగర్‌నుంచి పంపించు."

"అంతదూరం రాదు సార్. పది మీటర్లే."

"పది మీటర్లంటే?"

"ఈ గదిలోంచి వరండా దాకా."

"మినిస్టర్‌గారు రాష్ట్రం అన్నారయ్యా!"

"రాష్ట్రం వరండాలోకి వస్తే పనిచేస్తుంది సార్."

నేను దిగులుతో అన్నాను. ఆయన దాన్ని సలహాగా తీసుకున్నారు.

రహమత్ నగర్ పెద్దది కనుక ముందుగా కంప్యూటర్నే తీసుకెళ్దామనుకున్నాం. వ్యాన్‌లో బల్ల, బల్ల మీద కంప్యూటరు, వెనక జనరేటరు, దాంతోపాటు మేమూ బయలుదేరాం. వైర్‌లెస్ కోసం చాలా వైర్లు పట్టుకెళ్లాల్సి వచ్చింది. వ్యాను సందు మొదట్లోనే రెండు గోడల మధ్య ఇరుక్కుంది. జంగయ్య గదికీ మాకూ మధ్య నాలుగైదు ఇళ్ల గోడలున్నాయి. మా సాఫ్ట్‌వేరు ఎంత పిలిచినా "పరికరం దొరకలేదు" అనే అంది.

"సార్, చేతిలోది పట్టుకుని గదిలోకి నడిచి వెళ్లి ఫొటో తీసుకొస్తాను. వ్యాన్ పక్కకొచ్చి పంపిస్తే వచ్చేస్తుంది" అన్నాను.

"నడిస్తే అది వైర్‌లెస్ ఎట్లా అవుతుందయ్యా? కాలినడక అవుతుంది."

ఎల్లమ్మ వ్యాన్‌ను చూసింది, మమ్మల్ని చూసింది. "గా డబ్బ గీడిదాంక వచ్చింది గద సారూ. జర ఆగుండ్రి. నలుగురం పట్టి ఆయన్నే మోసుకొస్తం."

"వద్దమ్మా!" ప్రేమ్‌చంద్‌గారు కంగారుపడ్డారు. "ఇల్లు కదలనక్కర్లేదని మినిస్టర్‌గారు హామీ ఇచ్చారు. కదిలించావంటే స్కీము ఫెయిలైనట్టు."

సమస్య మంత్రిగారి దాకా వెళ్లింది. గొప్పవాళ్లకు సమస్యలు చిన్నవిగా కనిపిస్తాయి. "ఫిల్మ్ నగర్‌లో కూర్చుని ఏడుపులెందుకయ్యా? సెట్ వెయ్యండి" అన్నారు.

మా ఆఫీసు పక్క ఖాళీ జాగాలో రహమత్ నగర్ లేచింది. చూడ్డానికి అసలుదానికన్నా బాగుంది. గోడలన్నీ ప్లైవుడ్ కావడంవల్ల సిగ్నల్ వెన్నలో కత్తిలా దూసుకుపోయింది. సందులో మంత్రిగారి కార్లు రెండు పక్కపక్కన పట్టేట్టు కట్టారు. మూలన ఒక కుళాయి కూడా పెట్టారు. జనం వేషానికి వచ్చిన అసలు రహమత్ నగర్ ఆడవాళ్లు ఊరికే తిప్పి చూస్తే దాంట్లోంచి నీళ్లొచ్చాయి. రిహార్సల్ ఆపి అందరూ బిందెల కోసం ఇళ్లకు పరిగెత్తారు.

జంగయ్యను మంచంతో సహా మోసుకొచ్చి సెట్‌లోని జంగయ్య ఇంట్లో పడుకోబెట్టారు. సొంత ఇల్లు కదలకూడదు గాని సెట్‌లో ఇంటికి రావచ్చునని ప్రేమ్‌చంద్‌గారు రూలు చూసి చెప్పారు. నా కిటికీలోంచి చేయి చాస్తే అతని మంచం అందేది. నేను పాత కెమెరా వైపు చూశాను. ప్రేమ్‌చంద్‌గారు నా వైపు చూశారు. నేను కెమెరాను బీరువాలో పెట్టేశాను.

రిహార్సల్‌లో ఇంకో చిక్కొచ్చింది. కార్యక్రమాన్ని చిత్రీకరించడానికి వచ్చిన డైరెక్టరు జంగయ్యను నాలుగువైపుల నుంచీ చూసి పెదవి విరిచాడు. "ఈయన ముఖంలో బాధ లేదండీ. రియాక్షనే లేదు."

నిజమే. కిందపడినప్పుడు నోరెత్తకూడదన్నదే జంగయ్యకు బతుకంతా నేర్పిన విద్య. పళ్లు బిగబట్టి పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

వెంటనే కృష్ణానగర్‌నుంచి శౌరిని పిలిపించారు. గుంటూరు వైపు కుర్రాడు, వేషాల కోసం తిరుగుతున్నాడు. మంచమెక్కి ఒక్కసారి "అమ్మా" అన్నాడో లేదో ప్రేమ్‌చంద్‌గారు జేబురుమాలు తీశారు. జంగయ్య పాత్ర శౌరికి ఖాయమైంది. జంగయ్య మంచాన్ని ప్లైవుడ్ వెనక్కి జరిపారు.

శౌరి మంచివాడు. వెనక్కి వెళ్లి చేతులు జోడించాడు. "అన్నా, నాకిది మొదటి పెద్ద వేషం. ఏమనుకోవద్దు. ఎలా చేస్తున్నాను?"

"మంచిగనే చేస్తున్నవ్ తమ్మీ. కని ఇరిగింది ఎడమ దిక్కు. నువ్వు కుడిది పట్టుకుని ఏడుస్తున్నవ్" అన్నాడు జంగయ్య.

ఆ రోజు రానే వచ్చింది. మంత్రిగారు చేతిలోని పరికరాన్ని శౌరి ముఖానికి పెట్టి నొక్కారు. ప్లైవుడ్ అవతలనుంచి మా కంప్యూటరు పిలిచింది, పరికరం పలికింది. కార్డు బయటికొచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా సాఫ్ట్‌వేరు పొరపాటు లేకుండా పనిచేసింది.

ఎల్లమ్మకు ఎల్లమ్మ వేషమే ఇచ్చారు, డైలాగుల్లేవు. మంత్రిగారు కార్డు చేతిలో పెట్టగానే ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"సారూ, పేరు మా ఆయనదే. ఫొటోల గీ పిలగాడున్నడు."

"పట్టలేని ఆనందం!" అన్నారు మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి. "మాట తడబడుతోంది, చూశారా?"

మర్నాడు ఆసుపత్రివాళ్లు కార్డు చూసి, ఫొటోలో ఉన్న మనిషిని తీసుకురమ్మన్నారు. ఎల్లమ్మ నేరుగా మా ఆఫీసుకొచ్చి కార్డును బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ ఆమె కూర్చోలేదు.

"ఇగ నేను పోను సారూ. ఆయనకు రాత్రంత జరమొస్తున్నది. ఏం జేస్తరో చెయ్యుండ్రి."

ఫొటో మార్చబోయాను. ప్రేమ్‌చంద్‌గారు నా చేయి పట్టుకున్నారు.

"మినిస్టర్‌గారు స్వహస్తాలతో ఇచ్చిన కార్డు. ఫొటో మారిస్తే, ఆయన బోగస్ మనిషికి ఇచ్చారని మనమే ఒప్పుకున్నట్టు కాదూ?"

"పోనీ జంగయ్యకు కొత్తది చేస్తాను."

"చెయ్."

చేశాను. ఈ పేరు మీద ఇప్పటికే కార్డు ఉందంది సాఫ్ట్‌వేరు. దొంగ కార్డులు రాకుండా ఆ ఏర్పాటు పెట్టింది నేనే. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు కూడా.

ప్రేమ్‌చంద్‌గారు కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "శౌరికి కార్డు ఉందా?"

"లేదు సార్."

"అయితే శౌరి పేరుతో జంగయ్య ఫొటో పెట్టి చెయ్."

శౌరిని అడిగితే, "అన్నకి నా పేరు పనికొస్తోందంటే అంతకన్నానా సార్? ఇంతవరకూ నాకే పనికిరాలేదు" అన్నాడు. ఎల్లమ్మను అడిగితే, "పేరేదైతేంది సారూ, బొక్క ఆయనదే గద" అంది.

సెట్ విప్పుతున్నారు. విప్పిన గోడల మధ్య జంగయ్య మంచం మీద ఇంకా అక్కడే ఉన్నాడు. బీరువాలోంచి పాత కెమెరా తీసి, కిటికీలోంచే ఫొటో తీశాను. కేబుల్ పెట్టేటప్పుడు ప్రేమ్‌చంద్‌గారు గోడమీది క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డారు. ఎల్లమ్మ కార్డు అందుకుంది, ఫొటో చూసింది, కొంగున కట్టుకుని పరిగెత్తింది.

శౌరి అనే జంగయ్యకు ఆపరేషన్ అయింది. తుంటి అతుక్కుంటుందని, నడుస్తాడని డాక్టర్లు చెప్పారు. ఇక దూకనక్కర్లేదు, దూకలేడు కూడా. అన్నీ సర్దుకున్నాయనుకుంటుండగా, స్కీము తొలి లబ్ధిదారుణ్ని మంత్రిగారు పరామర్శించదలిచారని కబురొచ్చింది.

జంగయ్య మంచం మీద శౌరి అని రాసి ఉంది. అందుకని పక్క మంచం ఖాళీ చేయించి, కొత్త దుప్పటి పరిచి, దాని మీద శౌరిని పడుకోబెట్టి జంగయ్య అని రాశారు. ఈసారి ఎడమ తుంటికే కట్టు కట్టారు. ఎల్లమ్మను ఎక్కడ నిలబెట్టాలో తెలియక రెండు మంచాల మధ్య నిలబెట్టారు.

మంత్రిగారు పండ్లబుట్టతో, కెమెరాలతో వచ్చారు. శౌరి ఆయన చేతులు పట్టుకుని భోరుమన్నాడు. వార్డులో నర్సులు కూడా ముక్కులు చీదారు. మంత్రిగారు అతని కన్నీళ్లు తుడిచి, ఫొటోలయ్యాక వెళ్లబోతూ పక్క మంచం దగ్గర ఆగారు. పిలవకపోయినా పేదవాడి దగ్గర ఆగడం ఆయన స్వభావం.

"ఏం బాబూ, నువ్వేం చేస్తుంటావు?"

జంగయ్య శౌరి వైపు చూశాడు. ఎల్లమ్మ వైపు చూశాడు.

"డూప్‌ను సారూ."

"ఎవరికి?"

"జంగయ్యకు."

మంత్రిగారు ముచ్చటపడి అతని భుజం తట్టారు.

"ఆయన్ని చూసి నేర్చుకో" అన్నారు.